పాలు ముట్టని కోడలు

మన ఇళ్లల్లో ఒక పిల్ల నీళ్లోసుకుందని తెలిస్తే చాలు, పక్కింటి వదినె నుంచి పాలవాడి దాకా అందరూ చెప్పే మాట ఒకటే. "పాలు తాగు బిడ్డా." దాని వెంబడే నెయ్యి, పెరుగు, ఉడకబెట్టిన గుడ్డు. ఇవేవీ ముట్టను అని ఆ పిల్ల అంటే ఏం చేయాలె? మా చిన్న కోడలు అట్లనే అన్నది. ఆ తొమ్మిది నెలల్లో మా ఇంట్ల ఏం వండినం, డాక్టరమ్మ ఏం చెప్పింది, ఏది పనికొచ్చింది అన్నది రాస్తున్న. మా షోలాపూర్ గల్లీలల్లోనే ఇట్లాంటి పిల్లలు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నరని తర్వాత తెలిసింది. వాళ్ల అత్తలు నా దగ్గరికి వచ్చి అడిగిపోయిండ్రు, అందుకే రాయమన్నరు.

మా కోడలి పుట్టిల్లు సిరిసిల్ల పక్క ఊరు. చదువుకొని పుణెలో కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తది. చిన్నప్పుడు వాళ్ల ఇంట్ల బర్రె ఉండేదట. ఆడ దుడ్డె పుడితే సంబరం, మగ దుడ్డె పుడితే దానికి తల్లి పాలు సరిగ్గా విడవకపోదురు. కొన్నాళ్లకు అది చచ్చిపోవుడో, అమ్మేసుడో. అది చూసి చూసి ఆ పిల్ల మనసు విరిగింది. పెండ్లికి రెండేండ్ల ముందు పాలు మానేసింది. ఇట్లాంటి వాళ్లను వీగన్లు అంటరట. మాంసం, గుడ్డు ఒక్కటే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా తినరు. మన వారకరి మాల వేసుకున్నవాళ్లు మాంసం మానేస్తరు గాని మజ్జిగ తాగుతరు కదా, ఇది అంతకన్న గట్టి పట్టింపు.

మా ముసలాయనకు కోపం వచ్చింది. "కడుపుల బిడ్డ మనది గూడ కదా, దాని నోటికాడి పాలు గుంజుకునే హక్కు ఈమెకెక్కడిది?" అన్నడు. నాకు ఆమె చెప్పే కారణం సగం అర్థమైంది, సగం కాలేదు. కాని ముప్పై ఏండ్లు ఆడవాళ్ల నడుమ పని చేసినదాన్ని, ఒకటి తెలుసు. వద్దన్న పిల్లకు బలవంతంగా పోస్తే అది కక్కుతది. అంతకన్న ఏం కాదు.

ఇంకొక మాట కూడా వినబడ్డది. "మనం పాలు తాగి కన్నమా, జొన్నరొట్టె తిని కన్నం. ఆమె కూడ కంటది పో" అని. ఇది నిజమే గాని సగం నిజం. నేను మిల్లుల వైండింగ్ ఖాతాలో కండెలు చుట్టే రోజుల్లో మా ఇంటికి పావు లీటరు పాలు వచ్చేది. ఏడుగురి చాయకు అవే. పొద్దున పాళికి పోతే డబ్బాల రెండు రొట్టెలు, శేంగా చట్నీ, ఒక ఉల్లిగడ్డ. పగార్ అయిన ఆదివారం మాంసం. పేరు తెలువకున్నా మేము ముప్పాతిక వీగన్లమే, ఇష్టంతోటి కాదు, పగార్ చాలక. అయితే ఆ ఆడవాళ్ల ఒంట్ల రక్తం ఎంత ఉండెనో ఎవరు చూసిండ్రు? మా ఖాతాలో ఒక ఆమె ఏడో నెలల మిషన్ల నడుమ కండ్లు తిరిగి పడిపోయింది. నిలబడే పని మార్చమంటే ముకద్దం మార్చలేదు. నెలలు తక్కువ బిడ్డ పుట్టింది, మూడు రోజులే ఉన్నది. అందుకే ఆ కాలం తిండిని చూపించి ఇప్పటి పిల్లకు ధైర్యం చెప్పుడు నాకు ఇష్టం లేదు. కన్నవాళ్లను లెక్కపెడతం, పోయినవాళ్లను లెక్కపెట్టం.

ఆ రోజులు పోయినయనుకోవద్దు. 2019-21ల సర్కారు చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంల కడుపుతో ఉన్న ఆడవాళ్లల్ల నూటికి 52 మందికి రక్తం తక్కువ అని తేలింది. వాళ్లల్ల పాలు తాగేవాళ్లు ఉన్నరు, గుడ్డు తినేవాళ్లు ఉన్నరు. కాబట్టి రక్తం తక్కువ పడితే తప్పంతా వీగన్ తిండి మీద వేసుడు కుదరదు.

మా కోడలు నాలుగో నెలల వాంతులు ఎక్కువై మా దగ్గరికి వచ్చింది. కంప్యూటర్ ఇంట్లనే పెట్టుకొని పని చేసేది. అప్పుడు రక్తం 9.4 ఉన్నది. కడుపుతో ఉన్నప్పుడు 11 కన్న తక్కువుంటే తక్కువ కిందనే లెక్క. ఆశా తాయి ఎర్ర గోళీలు తెచ్చి ఇచ్చింది. ఒక్కో గోళీల 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటదట. రోజుకు ఒకటి, నాలుగో నెల నుంచి 180 రోజులు. కోడలు ఒక్క రోజు తప్పకుండ మింగింది. రెండు నెలలైనంక చూస్తే 9.6. రెండు నెలలకు 0.2 ఒక్కటే ఎక్కిందన్నట్టు. పైగా రాత్రిపూట కాళ్ల వేళ్లు చీమలు పాకినట్టు తిమ్మిర్లు. కడుపు బరువుకు అట్లనే అయితదిలే అన్నరు ఇరుగుపొరుగు.

మేము తొమ్మిదో తారీకున సర్కారు దవాఖానకు పోయినం. 2016 నుంచి ప్రతి నెల 9వ తారీకున సర్కారు దవాఖానలల్ల కడుపుతో ఉన్నవాళ్లను డాక్టర్లు పైసలు లేకుండ చూస్తరు, ఇది మన గల్లీల చాల మందికి తెల్వది. డాక్టరమ్మ గోళీల సంగతి అడగలేదు, ముందు "ఏం తింటవ్ అమ్మా?" అని అడిగింది. పాలు గూడ లేవనంగనే బి12 పరీక్ష రాసింది. 200 కన్న ఎక్కువ ఉండాల్సింది 132 వచ్చింది.

ఈ బి12 సంగతి అందరు తెలుసుకోవాలె. ఇది ఆకులల్ల లేదు, పప్పులల్ల లేదు, జొన్నలల్ల లేదు. సూక్ష్మజీవులు తయారు చేస్తయి, మనకు మాంసం, గుడ్డు, పాల ద్వారా వస్తది. ఇది తక్కువైతే రక్తం సరిగ్గా పట్టదు, నరాలు దెబ్బతింటయి. కడుపులో బిడ్డ మెదడు, వెన్నుపూస కుదురుకునేటప్పుడు ఇది కావాలె. ఎర్ర గోళీల ఇనుము, ఫోలిక్ ఉంటయి, బి12 ఉండదు. అందుకే ఎన్ని మింగినా మా కోడలికి ఎక్కలేదు. ఇంకొక చిక్కు కూడ డాక్టరమ్మ చెప్పింది. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని కొంచెం బాగుపరిచి, బి12 తక్కువ ఉన్న సంగతి బయటపడకుండ దాచేస్తదట. లోపల నరాలు చెడిపోతనే ఉంటయి. కాళ్ల తిమ్మిర్లను కడుపు బరువు ఖాతాల రాసేసుకుంటే ఎంత నష్టమో చూడుండ్రి.

కొందరు పులిసిన ఇడ్లి పిండిల ఉంటది, అంబలిల ఉంటది, నాచు బిళ్లలల్ల ఉంటది అంటరు. వాటి మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. మా కోడలికి ముందు సూదులు ఇచ్చిండ్రు, తర్వాత రోజు గోళీ. ఆ గోళీల మందును సూక్ష్మజీవులను పులియబెట్టి చేస్తరట, దానికి జంతువుతో పని లేదు. కాని మెత్తటి క్యాప్సూల్ తొడుగు మాత్రం జంతువుల ఎముకలు, తోళ్లతో చేసిన జెలటిన్ అయి ఉండొచ్చు. కోడలు మందుల దుకాణంల ఈ సంగతి అడిగితే ఆ పిల్లగాడు నోరు తెరిచిండు. చివరికి గట్టి గోళీ దొరికింది. నా నాలుగో తరగతి తెలుగు బడి చదువుకు ఆ డబ్బా మీది ఇంగ్లీషు అందదు, పెద్ద మనుమడు చదివి చెప్పిండు.

ఇగ వంటింటి సంగతి. ఇక్కడ నాకు ఎవరూ నేర్పలేదు, మన షోలాపూర్ తిండే నాకు సగం పని చేసిపెట్టింది. జొన్నరొట్టె ఉండనే ఉన్నది. దాని పక్కన శేంగా చట్నీ. పల్లీలల్ల వంద గ్రాములకు 25 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటయి, అంటే మేము పేదతనానికి తిన్నది నిజానికి మంచి తిండే, ఎక్కువ తినే స్తోమత లేకపోయింది అంతే. హైదరాబాదుల జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం కడుపుతో ఉన్న మనిషికి రోజూ తినేదానికన్న 350 కేలరీలు ఎక్కువ కావాలె, చివరి మూడు నెలలల్ల మాంసకృత్తులు 22 గ్రాములు ఎక్కువ కావాలె. ఒక రొట్టె, ఒక గిన్నె గట్టి పప్పు, గుప్పెడు పల్లీలు పెంచితే దాదాపు అంత వస్తది. ఇద్దరి కోసం తినాలె అని రెండింతలు కూరేదేం లేదు.

పొద్దున రాగి జావ చేసిన, పాలు బదులు పల్లీలు నానబెట్టి రుబ్బి వడగట్టిన పాలు పోసి. రాగులల్ల వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల మీదనే కాల్షియం ఉంటది, ఒక గ్లాసు పాల కన్న ఎక్కువ. దుకాణంల సోయా పాలు దొరుకుతయి గాని మామూలు పాల కన్న దాదాపు రెండింతల ధర. అది మన ఇండ్లకు రోజూ కుదరదు. పగలు మీల్ మేకర్ కూర, లేకుంటే మట్కి మొలకల ఉసళ్. మొలకలు పచ్చివి తినొద్దు, బాగ ఉడకబెట్టాలె, అది కడుపుతో ఉన్నవాళ్లకు ముఖ్యం. వారానికి రెండుసార్లు ఉలవల చారు. ఉలవలు వేడి అని మా ఆడబిడ్డ గొడవ పెట్టింది. డాక్టరమ్మ నవ్వి తిననియ్యమన్నది. సాయంత్రం నువ్వులు, పల్లీలు, బెల్లం దంచి ముద్ద. ఇదీ వేడే అన్నరు, నేను వినలేదు, రోజుకు ఒక ముద్దే కదా. అవిసెల చట్నీ మన మరాఠీ పక్కింటోళ్లది, చేప తినని మనిషికి ఆ కొవ్వు అవిసెలల్ల కొంత దొరుకుతదని కోడలు చదివి చెప్పింది. ఉప్పు అయోడిన్ కలిపిన ప్యాకెట్ దే, రాళ్ల ఉప్పు బంద్.

ఆకుకూరల్ల పాలకూర మీద మనకు నమ్మకం ఎక్కువ. కాని అందులోని కాల్షియం ఒంటికి సరిగ్గా పట్టదట. మునగాకు, మెంతికూర మేలు. మునగ చెట్టు మా గల్లీ మొగలనే ఉన్నది, ఇన్నేండ్లు కాయలు తెంపుకొని ఆకు మేకలకు వేసినం.

అన్నిటికన్న కష్టం చాయ దగ్గర వచ్చింది. పాలు లేని నల్ల చాయ తాగుతది మా కోడలు, అన్నం తిన్న వెంబడే. మిల్లోళ్ల ఇల్లు కదా, చాయ లేకుండ ముద్ద దిగదు. చాయ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. తిండికీ చాయకూ గంటన్నర ఎడం పెట్టుమన్నరు. బదులుగా అన్నంల నిమ్మకాయ పిండుకునుడు, ఒక జామకాయ తినుడు అలవాటు చేసినం, పులుపు ఇనుమును పట్టిస్తది.

గోళీల వేళలు గోడ మీద బొగ్గుతో రాసిన. ఇనుము గోళీ, కాల్షియం గోళీ కలిపి మింగితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడతది. పొద్దున తిండితోటి కాల్షియం, రాత్రి తిండితోటి కాల్షియం, నడుమ మూడు గంటలకు ఎర్ర గోళీ నిమ్మకాయ నీళ్లతోటి. బి12 పడుకునే ముందు. డి విటమిన్ కూడ తక్కువే వచ్చింది. మన మగ్గాల గల్లీల ఇండ్లల్ల ఎండ ఎక్కడిది? మామూలుగా దొరికే డి మందు గొర్రె బొచ్చు కొవ్వు నుంచి తీస్తరట. కోడలు రెండు రోజులు ఆలోచించి, మొక్కల నుంచి చేసింది కొంచెం ఎక్కువ ధరైనా తెప్పించుకున్నది. నేనేం అనలేదు. పైసలు ఆమెవే.

ఎనిమిదో నెలకు రక్తం 10.9 అయింది. కాళ్ల తిమ్మిర్లు తగ్గినయి. మా ముసలాయన ఆ కాగితం రెండుసార్లు చూసి, మరునాడు తనే పోయి కిలో పల్లీలు తెచ్చిండు.

శ్రీమంతానికి కుంకుమపువ్వు పాలు తేలేదని చుట్టాలు ముక్కు విరిచిండ్రు. నేను నువ్వుల ముద్దలు పంచిన, తిన్నరు, మళ్లా అడిగిండ్రు. అంతే.

ఆడపిల్ల పుట్టింది, 2 కిలోల 700. రెండున్నర కిలోల కన్న తక్కువ ఉంటేనే భయపడాలె. బాలింత కాయం నెయ్యి లేకుండ నువ్వుల నూనెతోటి చేసిన, రుచి కొంచెం తేడా వచ్చింది గాని తినకపోలేదు. పాలు ముట్టని మనిషి బిడ్డకు చన్నుబాలు ఇస్తదా అని ఎదురింటి అవ్వ గుసగుసగ అడిగింది. "తన బిడ్డకు తన పాలు, ఇంకొక తల్లి నుంచి గుంజుకున్నవి కావు అవ్వా" అన్నది మా కోడలు. అవ్వ ఆలోచనల పడింది.

కాన్పుతోటి గోళీలు ఆగవు. ఎర్ర గోళీలు, కాల్షియం ఇంకొక ఆరు నెలలు. బి12 మాత్రం ఆమె వీగన్ గా ఉన్నన్నాళ్లు. తల్లి ఒంట్ల బి12 లేకుంటే పాలల్ల ఉండదు, పాలల్ల లేకుంటే పసిదాని మెదడుకు అందదు. పసివాళ్లు మందకొడిగ అయి, నవ్వుడు, మెడ నిలుపుడు ఆలస్యమయ్యేదాకా సంగతి తెలువదట. మా పిల్ల మూడో నెలల మెడ నిలిపింది, పలకరిస్తే నవ్వుతది.

ఇప్పుడు దానికి నాలుగో నెల. ఆరు నెలలు నిండినంక ఏం పెట్టాలె అన్నది ఇంట్ల ఇంకా తేలలేదు. తాత పెరుగన్నం అంటడు, తల్లి ఒప్పుకోదు. వచ్చే నెల పిల్లల డాక్టరు దగ్గరికి ముగ్గురం పోతున్నం. అడగవలసినవి కాగితం మీద రాసి పెట్టుకున్న. మొదటిది, పసిదానికి వేరే బి12 చుక్కలు కావాల్నా అని.