పద్మనాభం మీదుగా భీమిలికి సైకిల్ దారి

రద్దీ తక్కువ - చరిత్ర ఎక్కువ

విజయనగరం: కోడి కూసే వేళకు మూడు లాంతర్ల కూడలిలో సైకిలెక్కి దక్షిణంగా సాగితే, ఎండ ముదరక ముందే భీమిలి సముద్రపు హోరు వినవచ్చు. నేరుగా పోయే రోడ్డున వెళితే సుమారు పాతిక కిలోమీటర్లే. పద్మనాభం, పాండ్రంగి మీదుగా పోతే మరో పది, పదిహేను కిలోమీటర్లు చుట్టు. అయినా సైకిల్ మీద పోయేవారికి ఈ చుట్టుదారే మేలు. లారీల హోరు తక్కువ. నీడ ఉంది. దారి పొడవునా తాతముత్తాతల నాటి సంగతులున్నాయి.

పాలక్యాన్లు కట్టుకుని పోయేవారికి, కూరగాయల గంపలతో సంతకు పోయేవారికి, పొలానికి పారా పట్టుకుని పోయే రైతుకు ఇలాంటి దారులు కొత్త కావు. కొత్తగా తెలుసుకోవలసింది పిల్లలే. కొన్నేళ్ల క్రితం 'బడికొస్తా' పథకం కింద ఉన్నత పాఠశాలల ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. బడి మానకుండా ఉండడానికి ఇచ్చిన ఆ సైకిలే సెలవు రోజున చరిత్ర పాఠం కూడా చెప్పగలదు.

ఎగుడు దిగుడు నేల

ఈ ప్రాంతం గోదావరి, కృష్ణా డెల్టాల్లా చదునుగా ఉండదు. తూర్పు కనుమల నుంచి సముద్రం వరకు నేల అలలు అలలుగా దిగివస్తుంది. ఒక మిట్ట ఎక్కితే కింద చెరువు, చెరువు గట్టు దాటితే వరి మడి, ఆపైన మళ్లీ ఎర్రమట్టి మెట్ట. మెట్టల మీద జీడిమామిడి, మామిడి తోపులు, పొలంగట్ల వెంట తాటిచెట్లు కనిపిస్తాయి. మధ్యమధ్య గెడ్డలు అడ్డం వస్తాయి.

మిట్టలు పెద్దవి కావు. గేర్లు లేని మామూలు సైకిల్‌తోనే ఎక్కవచ్చు. ఆయాసం వస్తే దిగి నడిపించుకుంటూ పోవడంలో నామోషీ లేదు. మొత్తం మీద విజయనగరం నుంచి సముద్రం వైపు నేల పల్లంగా పోతుంది కాబట్టి వెళ్లేటప్పుడు శ్రమ తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ. అయితే మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లోపలికి వీచడం మొదలవుతుంది. ఆ గాలి తిరుగు ప్రయాణంలో వెన్ను తట్టి పంపుతుంది.

బయలుదేరే చోటే కోట

విజయనగరం కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారం అని పిలిచే మంగళవారం, రాజు పేరు విజయరామరాజు. ఇన్ని 'విజయాలు' కలిసినందున ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. అంతకు ముందు పూసపాటి వారి రాజధాని కుమిలి. దగ్గరలోనే పైడితల్లి గుడి. దసరా వెళ్లిన మంగళవారం నాడు జరిగే సిరిమాను ఉత్సవానికి జిల్లా అంతా ఇక్కడికే తరలి వస్తుంది. ఆ తల్లి కథ 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధంతో ముడిపడింది. ఆ యుద్ధం కథ బుర్రకథల పుణ్యమా అని ప్రతి ఊరికీ తెలుసు. అది జరిగిన 37 ఏళ్లకు పద్మనాభంలో జరిగిన యుద్ధం గురించి మాత్రం తెలిసినవారు తక్కువ.

రాజు పడిన చోటు

పట్నం దాటి గంటకు పైగా తొక్కితే పద్మనాభం కొండ ఎదురవుతుంది. ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉన్నా దాని చరిత్ర విజయనగరానిదే.

18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ విజయనగరం సంస్థానం మీద పేష్కష్ పెంచుతూ పోయింది. బకాయిలు పేరుకున్నాయి. సైన్యాన్ని తగ్గించుకోమన్నారు. చివరకు చిన విజయరామరాజును సంస్థానం వదిలి, నెలకు 1200 రూపాయల భత్యం పుచ్చుకుని మచిలీపట్నంలో ఉండమని ఉత్తర్వు చేశారు. ఆయన మచిలీపట్నం దారి పట్టలేదు. తన వారితో పద్మనాభం వచ్చి దిగారు. 1794 జూలై 10న తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలో కంపెనీ సిపాయిలు విరుచుకుపడ్డారు. పోరు గంట కూడా సాగలేదు. రాజుతో పాటు ఆయన వెంట నిలిచిన సర్దారులు ఎందరో అక్కడే ఒరిగిపోయారు. రాజు కుమారుడు నారాయణబాబు చిన్నవాడు. ఆయనను కొండ జమీందార్ల అండకు చేర్చారు. తరువాత కంపెనీ ఆయనకు సంస్థానాన్ని తిరిగి ఇచ్చింది. కానీ అది మునుపటి సంస్థానం కాదు, బాగా కుదించినది.

ఈ యుద్ధానికి గుర్తుగా పద్మనాభంలో స్మారకం ఉంది. కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి, కొండ దిగువన కుంతీమాధవస్వామి గుడి ఉన్నాయి. పైకి సుమారు 1300 మెట్లు. దీపోత్సవం నాడు ఆ మెట్ల పొడవునా దీపాలు వెలిగిస్తారు. గుడికి వచ్చే జనంలో స్మారకం దాకా వెళ్లేవారు ఎందరు అన్నదే ప్రశ్న. సైకిల్‌పై వచ్చినవారికి తొందర ఉండదు. కింద సైకిల్ తాళం వేసి, కొండెక్కి చుట్టూ చూస్తే, ఆ తెల్లవారు జామున సిపాయిలు ఎటు నుంచి వచ్చి ఉంటారో ఊహకు అందుతుంది.

అల్లూరి పుట్టిన ఊరు

పద్మనాభం మండలంలోనే పాండ్రంగి ఉంది. 1897 జూలై 4న అల్లూరి సీతారామరాజు తన మాతామహుల ఇంట పుట్టింది ఈ ఊళ్లోనే. పద్మనాభం యుద్ధం జరిగిన 103 ఏళ్లకు, అదే జూలై నెలలో, ఆ కొండకు కొద్ది దూరంలో పుట్టిన బిడ్డ మన్యంలో 1922 నుంచి 1924 వరకు తెల్లదొరలకు నిద్ర లేకుండా చేశాడు. 1924 మే 7న ఆయన ప్రాణాలు తీశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆయన 125వ జయంతి ఉత్సవాలు 2022లో భీమవరంలో మొదలైనప్పుడు పాండ్రంగి పేరు దేశమంతా వినిపించింది.

ఊరి పక్కనే పారే గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయం నిండాక జామి, పద్మనాభం ప్రాంతాల మీదుగా వచ్చి భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. వేసవిలో ఇసుక మేటలే కనిపిస్తాయి. వానాకాలంలో నీరు ఉరవడిగా పారేటప్పుడు లోతట్టు దారుల్లో సైకిల్ భుజాన వేసుకుని దాటే సాహసం చేయరాదు. ఊళ్లో అడిగి, వంతెన ఉన్న దారినే పోవాలి.

ఒక్కచోట జాగ్రత్త

ఈ దారిలో నిజంగా భయపడవలసిన చోటు తగరపువలస. అక్కడ చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి అడ్డం వస్తుంది. లారీలు, బస్సులు రాత్రింబవళ్లు పరుగులు తీస్తూ ఉంటాయి. ఇక్కడ సైకిల్ దిగి, రెండు వైపులా చూసి, నడిపించుకుంటూ దాటడమే క్షేమం. పిల్లలు ఉంటే పెద్దవారు ముందొకరు, వెనుకొకరు ఉండాలి.

చీకటి పడ్డాక సైకిల్ తొక్కవలసి వస్తే వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, ముందు దీపం ఉండి తీరాలి. పది, ఇరవై రూపాయల రిఫ్లెక్టరు లేక పోయిన ప్రాణాలు పల్లెల్లో లెక్కకు మించి ఉన్నాయి. బయలుదేరే ముందు రోజే బ్రేకులు బిగించుకుని, చైనుకు చమురు వేసి, చక్రాల్లో గాలి చూసుకోవాలి. తుమ్మముళ్లు ఎక్కువ కాబట్టి పంక్చరు సామాను, చిన్న పంపు వెంట ఉంచుకోవడం మంచిది. నీళ్ల సీసా మరువరాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ ప్రయాణానికి అనువైన కాలం. వేసవిలో వెళ్లేవారు తొమ్మిది గంటలకల్లా నీడకు చేరుకోవాలి.

డచ్చివారి భీమిలి

తగరపువలస దాటి, మూతబడిన చిట్టివలస జూట్ మిల్లును వెనుక వేసుకుని సాగితే భీమిలి వస్తుంది. గోగునార పండించిన రైతులకు, గోనెసంచులు నేసిన కార్మికులకు ఆ మిల్లు పేరు వింటేనే గతం గుర్తుకు వస్తుంది.

భీమునిపట్నంలో 17వ శతాబ్దంలోనే డచ్చివారు వర్తకం సాగించారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయింది. డచ్చివారి శ్మశానవాటికలో చెక్కడపు సమాధి రాళ్లు నేటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత పట్నం ఇది. ఇప్పుడు మహావిశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. ఊరి వెనుక పావురాళ్లకొండ మీద నరసింహస్వామి గుడి, బౌద్ధ భిక్షువుల ఆరామపు ఆనవాళ్లు ఉన్నాయి.

కాళ్లలో ఇంకా సత్తువ ఉంటే తీరం వెంట విశాఖ వైపు కొద్ది దూరం పోయి ఎర్రమట్టి దిబ్బలు చూడవచ్చు. వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్రం కలిసి మలచిన ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఇవి గట్టి రాయి కావు. చేతితో గీకితే రాలే ఇసుక. వాటిపై సైకిళ్లు తొక్కడం, పేర్లు చెక్కడం, గుప్పెడు మట్టి పట్టుకుపోవడం తగదు.

చేయవలసింది కొంతే

ఇలాంటి దారులకు కోట్లు ఖర్చుపెట్టనక్కర లేదు. రోడ్డు అంచున మట్టి కోసుకుపోయిన చోట పూడ్చి, మలుపుల్లో తుమ్మకంపలు కొట్టించి, స్మారకం ఎటు ఉన్నదో, ఏ సంవత్సరంలో ఏం జరిగిందో తెలుగులో రాసిన బోర్డు ఒక్కటి ఊరి మొదట నిలిపితే చాలు. రోడ్డు అంచు బాగుపడితే ముందుగా లాభపడేది బయటి నుంచి వచ్చే యాత్రికుడు కాదు, రోజూ ఆ దారినే బడికి పోయే పిల్లలు, పాలు పోసే రైతులు.

మిగిలినది ఊరివారి చేతిలో ఉంది. సైకిల్ ఆపి "ఇక్కడ ఏం జరిగింది బాబూ?" అని అడిగే కుర్రవాడికి రచ్చబండ మీది పెద్దలు జవాబు చెప్పగలగాలి. ఆ జవాబు తెలిసిన తరం తగ్గిపోతోంది. వచ్చే ఆదివారం మనవణ్ణి సైకిలెక్కించి పద్మనాభం దాకా తీసుకెళ్లే తాత, ఒక్క పూటలో, పుస్తకం చేయలేని పని చేసినవాడవుతాడు.