లంపీ వైరస్‌కు రెండు తొడుగులు - టీకాకు ఐసే ప్రాణం

పొద్దున్నే కొట్టంలోకి వెళ్లి చూస్తే ఆవు ఒళ్లంతా గడ్డలు. జ్వరం, కాళ్ల వాపు. మేత ముట్టదు, పాలు తగ్గిపోతాయి. ఉన్నది ఒక్క పాడావో, ఒక జత ఎడ్లో అయితే ఆ రైతు గతేమిటి? ఇదే ముద్ద చర్మ వ్యాధి. అందరూ లంపీ అంటున్నారు. మన దేశంలో 2019లో ఒడిశాలో మొదట బయటపడింది. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో వేలాది ఆవులను పొట్టన పెట్టుకుంది.

ముందుగా టీకా వేయించడమే దీనికి దారి. అయితే "టీకా వేయించినా వచ్చింది" అనే రైతులూ ఉన్నారు. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే ఈ వైరస్ వేషం గురించి కాస్త తెలుసుకోవాలి.

చొక్కా మీద గొంగడి

ఇది మశూచి జాతి వైరస్. గొర్రెలు, మేకలకు బొబ్బరోగం తెచ్చే వైరస్‌లకు దగ్గరి చుట్టం. ఈ జాతి వైరస్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఉత్త చొక్కాతో ఉండేది. ఇది గట్టిపిండం. ఎండిన పక్కుల్లో వైరస్ 35 రోజుల దాకా బతుకుతుంది. రెండోది ఆ చొక్కా మీద గొంగడి కూడా కప్పుకున్నది. పశువు ఒంట్లో ఒకచోటి నుంచి మరోచోటికి రోగాన్ని పాకించేది ముఖ్యంగా ఇదే. చొక్కా మీది మాంసకృత్తులు వేరు, గొంగడి మీదివి వేరు.

ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ఈ మాంసకృత్తులను చూసే శత్రువును గుర్తుపడతాయి. 1970 ప్రాంతాల్లో ఈ జాతిదే అయిన వ్యాక్సీనియా వైరస్‌పై శాస్త్రజ్ఞులు పరీక్షలు చేశారు. చొక్కా వైరస్‌ను చంపి టీకాగా వేస్తే యాంటీబాడీలు పుట్టాయి గాని రోగం సరిగా ఆగలేదు. గొంగడిని గుర్తుపట్టేవి పుట్టకపోవడమే లోపమని తేల్చారు.

బలహీనపరచిన బతికున్న వైరస్ అయితే ఒంట్లో కొద్దిగా పెరిగి రెండు వేషాలూ చూపిస్తుంది. మన ఆవులకు లంపీ రాకుండా వేసే మేక బొబ్బరోగం టీకా అలాంటిదే. బతికున్న మందు కాబట్టే వేడి తగిలితే చచ్చిపోతుంది. అప్పుడు పశువుకు మిగిలేది సూదిపోటే!

మీరు చేయవలసినవి

* మందు ఐస్‌లో వచ్చిందో లేదో అడిగి చూడండి. అడగడం మీ హక్కు. కలిపిన మందును నీడన ఉంచి, గంట రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది మర్నాటికి దాచకూడదు.

* రోగం ఊళ్లోకి రాకముందే వేయించండి. టీకా బలం రావడానికి మూడు వారాలు పడుతుంది. ఈలోగా రోగం వస్తే టీకాను తప్పుపట్టవద్దు. జబ్బు పశువుకు మాత్రం టీకా వేయించకూడదు.

* జబ్బు పశువును వేరుగా కట్టి, రాలిన పక్కులు ఏరి కాల్చండి. దోమలు, జోరీగలు, పిడుదులు రోగాన్ని అంటిస్తాయి. కొట్టంలో పేడ, మురుగు నిలవనీయవద్దు.

* సంతలో కొన్న పశువును 28 రోజులు విడిగా ఉంచండి.

* చనిపోయిన పశువు తోలు తీయించవద్దు. సున్నం చల్లి లోతుగా పూడ్చండి.

లంపీ మనుషులకు రాదు, భయపడవద్దు. టీకాల రోజున పనికి పోవాలని పశువును తోలుకు రాకుండా ఉండకండి. పోయిన కూలి రేపు దొరుకుతుంది. పోయిన ఆవు తిరిగి రాదు.