రోగి ప్రక్కనున్నవారు

అనంతపురపు మెట్టభూములలో వానను నమ్మి వేరుసెనగ విత్తు రైతునకు ఏటేటా ఒకటే చింత. ఆ సీమలో సాలుసరి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనుకు కురియుట అరుదు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన తనకల్లు ఈ కరవుసీమలోనిదే. పంట పోయిన యేడు పనికై బెంగుళూరునకు వలసపోవుట ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు. అట్టి యింట మనోవ్యాధి సోకిన వాడొకడున్నచో, వాని ఆలనాపాలన ముసలితల్లిపైననో భార్యపైననో పడును. రోగికి ఎచటనో వైద్యుడు కలడు. ఆ తల్లికి దారి చెప్పువారెవరు?

ఈ ప్రశ్నకు మన దేశమున సమాధానము వెదకినవారిలో డాక్టరు విద్యాసాగర్ ముందువరుసలోనివాడు. 1950 దశకమున ఆయన అమృతసర్ మానసిక వైద్యశాల ఆవరణలో డేరాలు వేయించి, రోగులతోపాటు వారి బంధువులను కూడ అందుంచెను. జబ్బు దయ్యము వలన రాలేదనియు, మందుతోను మంచిమాటతోను కుదురుననియు వారు కన్నులార చూచి నేర్చిరి. 1957లో వెల్లూరున వెలసిన మానసిక ఆరోగ్యకేంద్రము సైతము బంధువుల తోడును చికిత్సలో భాగముగా గైకొనెను.

పిదప ఈ విద్య ఆసుపత్రి గడప దాటెను. 1980 దశకమున బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ, అనంతపురమునకు పొరుగుననున్న బళ్లారి జిల్లాలో ప్రాథమిక వైద్యులకును ఆరోగ్య కార్యకర్తలకును మనోవ్యాధులను గుర్తించుట నేర్పెను. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఆ అనుభవమే పునాది.

ఆంధ్రప్రదేశమున పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామములలో జార్జి ఇనిస్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు ఇట్టి శిక్షణ నిచ్చిరి. 2017లో వెలువడిన ఫలితములను బట్టి, సాయము అవసరమైన 238 మందిలో అంతకుముందు వైద్యము కోరినవారు ఇరువురే. శిక్షణానంతరము 30 మంది కోరిరి. వృద్ధి మెచ్చదగినదే, అయినను పెక్కుమంది కదలలేదు. దూరము, పోవు కూలి, లోకులేమందురో యను జంకు పల్లెలలో వైద్యమునకు అడ్డుగోడలు.

కావున శిక్షణ ఇంటివారికి చేరవలెను. నెమ్మదించెనని తమంత తాము మందు మాన్పింపరాదు. నిద్ర చెడుట, మాట తగ్గుట మొదలగు ముందుగుర్తులను కనిపెట్టవలెను. చావు మాట వినబడినచో కసరక, ఓపికతో నడిగి వైద్యునికి తెలుపవలెను. పురుగుమందును తాళము వేసి యుంచవలెను. ఇంతకన్న ముఖ్యము: సేవ చేయువారికిని నిద్ర, విశ్రాంతి, మాటసాయము కావలెను. వారు కూలినచో రోగికి ఆధారమే లేదు. 2022 నుండి ప్రభుత్వపు టెలి-మానస్ సేవ 14416 సంఖ్యపై ఇట్టివారి మాటయు వినుచున్నది.

ఉపాధ్యాయులకు ఇందొక పాత్ర గలదు. తరచు బడి మానెడు బాలిక, తరగతిలో కునుకుపడు బాలుడు సోమరులే కానక్కరలేదు. రాత్రియంతయు తల్లి ప్రక్క మేలుకొన్నవారు కావచ్చును. బెత్తమెత్తుటకు ముందు “ఇంట నెవరికైన బాగులేదా?” యని యడుగుట మేలు.