మణికట్టును కొలిచే ప్రశ్నలు: హస్త పునరావాస పరిశోధనలో అనువాదకుని పాత్ర

కీలక పదాలు: పునరావాస శాస్త్రం, హ్యాండ్ థెరపీ, మణికట్టు ప్రశ్నావళి, సాంస్కృతిక అనుసరణ

విరిగిన మణికట్టు ఎముక అతుక్కున్నట్లు ఎక్స్‌రే చెప్పవచ్చు. అయినా ఆ మనిషి తడిబట్ట పిండలేకపోతే చికిత్స పూర్తయిందనలేం. వ్యాయామాలతో, స్ప్లింట్లతో, పనుల అభ్యాసంతో చేతికి పనితనాన్ని తిరిగి అలవరచేది హ్యాండ్ థెరపీ. ఆ పనితనం ఎంతవరకు వచ్చిందో కొలిచే పద్ధతులను నిర్మించడం పునరావాస శాస్త్ర పరిశోధకుల పని.

కెనడాకు చెందిన జాయ్ మెక్‌డెర్మిడ్ వృత్తిజీవితంలో ఈ రెండూ కలిశాయి. ఆమె ఫిజియోథెరపిస్టు, హ్యాండ్ థెరపిస్టు, పరిశోధకురాలు. సహచరులతో కలిసి ఆమె 1998లో ప్రకటించిన మణికట్టు ప్రశ్నావళిలో నొప్పికి సంబంధించి 5, పనులకు సంబంధించి 10 ప్రశ్నలున్నాయి. ప్రతిదానికీ రోగి 0 నుంచి 10 లోపు ఒక అంకె ఎంచుకోవాలి. పనుల మొత్తాన్ని సగం చేసి నొప్పి మొత్తానికి కలిపితే నూటికి ఇంత అని తేలుతుంది. ఇక్కడ ప్రమాణం రోగి మాట. కాబట్టి ప్రశ్నలోని మాట తప్పితే కొలత కూడా తప్పుతుంది.

ఈ ప్రశ్నలను తెలుగులోకి తేవడంలో 10 పౌండ్ల బరువుతో చిక్కు లేదు. అది సుమారు నాలుగున్నర కిలోలు. కత్తితో మాంసం కోయడం దగ్గర చిక్కు మొదలవుతుంది. మూలంలో అది భోజన సమయపు పని. తెలుగులో వంటింటి పనిగానో, మాంసం కొట్టు పనిగానో ధ్వనిస్తుంది. బదులుగా అన్నం కలిపి ముద్ద చేయడాన్ని పెడదామంటే, కత్తికి కావలసింది పిడికిలి పట్టు, ముద్దకు కావలసింది వేళ్ళ పొందిక. సంస్కృతి కుదిరినా కదలిక కుదరదు. ఈ దృష్టితో చూస్తే కూరగాయలు తరగడమే మేలని నా అభిప్రాయం.

దెబ్బతిన్న చేతితో టాయిలెట్ కాగితం వాడడం గురించిన ప్రశ్న మరింత జటిలం. మనకు శౌచం నీటితో, ఎడమచేతితో. ఎన్నడూ చేయని పనికి జవాబును ఖాళీగా వదిలే వీలు మూలంలోనే ఉంది. కుడిచేతికి దెబ్బ తగిలినవారు దానిని వదిలేస్తారు. ఎడమచేతికి తగిలినవారికి అదే అత్యంత కష్టమైన పని కావచ్చు. పైగా ‘చెయ్యి’ అన్న మాట భుజం నుంచి వేలికొన దాకా వర్తిస్తుంది. ‘హస్తం’ అంటే కచ్చితత్వం వస్తుంది గాని, వ్యవహారంలో రోగి ఆ మాట వాడడు.

డోర్కస్ బీటన్, సహచరులు 2000లో ప్రచురించిన అనుసరణ మార్గదర్శకాలు తెలుగు పరిశోధకులు చదవదగినవి. వాటి ప్రకారం ఇద్దరు విడివిడిగా అనువదించాలి. అందులో ఒకరికి ఆ వైద్య విషయంతో పరిచయం ఉండకూడదు. రెండు అనువాదాలనూ సమన్వయించి, తిరిగి మూలభాషలోకి మార్పించి, భాషానిపుణులున్న సంఘం పరిశీలించాలి. ఆపైన 30 నుంచి 40 మందిపై పరీక్షించాలి. ఆ పరీక్షలో రోగి అంకె వేయగానే కాగితం తీసుకోకూడదు. ‘ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది?’ అని అడిగి, ఆయన చెప్పిన మాటలను కూడా రాసుకోవాలి.