చిరునామా యంత్రానిది కాదు: ఐపీ అడ్రస్ చుట్టూ అపోహలు – వాస్తవాలు

విద్యుత్ స్తంభాల మీదుగా సాగే ఫైబర్ తీగెతో ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడింటినీ ఇళ్లకు చేర్చే ఏపీ ఫైబర్‌నెట్ సేవలను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఇటువంటి సేవలు కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగా పల్లెలకు చేరిన కొద్దీ రౌటరు కొత్త వస్తువు కాకుండా పోయింది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన జామ్దానీ చీరలకు నెలవైన ఉప్పాడలో ఒక చీరల దుకాణాన్ని తీసుకుంటే, బిల్లులు వేసే కంప్యూటరు, ప్రింటరు, సీసీ కెమెరాల రికార్డరు, దూరాన ఉన్న కొనుగోలుదారుకు వీడియోలో చీర విప్పి చూపించే ఫోను, ఇవన్నీ ఒకే రౌటరు మీద ఆధారపడి ఉంటాయి. వీటిలో ఒకటి పనిచేయనప్పుడు జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఒకే నమ్మకంలో ఉంది: ఐపీ అడ్రస్ యంత్రంతో పుట్టి యంత్రంతోనే ఉంటుందన్న నమ్మకం.

వాస్తవానికి యంత్రంతో వచ్చేది వేరొకటి. నెట్‌వర్కుకు కలిపే ప్రతి భాగానికీ తయారీలోనే 48 బిట్ల మాక్ అడ్రస్ ఇస్తారు. ఐపీ అడ్రస్ అలాంటిది కాదు. అది ఒక పరికరం ఒక నెట్‌వర్కులో చేరిన చోట, ఆ కలయికకు ఇచ్చే సంఖ్య. అందుకే రౌటరుకు కనీసం రెండు ఐపీ అడ్రసులుంటాయి, దుకాణం లోపలి వైపు ఒకటి, సేవాసంస్థ వైపు మరొకటి. అదే ఫోను ఇంట్లో ఒక సంఖ్యతో, దుకాణంలో మరొక సంఖ్యతో ఉండడం కూడా ఇందువల్లనే.

ప్రపంచంలో ఏ రెండు పరికరాలకూ ఒకే ఐపీ అడ్రస్ ఉండదన్నది, అడ్రస్ యంత్రానిదేనన్న నమ్మకం నుంచే పుట్టిన అపోహ. 10తోనూ, 192.168తోనూ మొదలయ్యే సంఖ్యలను, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న వరుసను లోపలి నెట్‌వర్కులు స్వేచ్ఛగా వాడుకోవడానికి 1996 నాటి ప్రమాణం విడిచిపెట్టింది. ఒకే ఇంటి నంబరు ఉప్పాడలోనూ పిఠాపురంలోనూ ఉన్నా ఉత్తరాలు తారుమారు కానట్లే, రెండు ఊళ్ల దుకాణాల్లోనూ 192.168.1.10 ఉన్నా ఇబ్బంది లేదు. చిక్కు వచ్చేది ఒకే దుకాణంలో రెండు పరికరాలు ఒకే సంఖ్య చెప్పుకున్నప్పుడే. ముఖ్యంగా రికార్డరుకు పొరపాటున రౌటరు సంఖ్యయే ఇస్తే, ఆ సంఖ్య ఎవరిదని మిగతా పరికరాలు అడిగినప్పుడు రెండూ జవాబు చెబుతాయి, ఏ జవాబు నిలిస్తే సమాచారం అటే పోతుంది, దుకాణమంతటా ఇంటర్నెట్ ఉండి ఉండి ఆగిపోతుంది. అప్పుడు నింద ఫైబర్ తీగె మీద పడుతుంది. తీగెలో ఏ లోపమూ ఉండదు.

అడ్రస్‌ను చేత్తో రాసి స్థిరపరిస్తేనే నెట్‌వర్కు నిలకడగా ఉంటుందని, పైగా వేగం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. వేగానికీ దీనికీ సంబంధం లేదు. నిలకడ విషయం మాత్రం వివరంగా చూడవలసినది. కొత్త పరికరం కలవగానే అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్కు భాగం ఎక్కడ ముగుస్తుందో చెప్పే సంఖ్య), గేట్‌వే (బయటికి దారి చూపే రౌటరు సంఖ్య) మొదలైనవాటిని గడువు పెట్టి అప్పగించే ఏర్పాటును డీహెచ్‌సీపీ అంటారు. రౌటరులో ఇది ముందే అమర్చి ఉంటుంది. 192.168.0.50 అని చేత్తో రాసిన ప్రింటరు, కనెక్షన్ మారి కొత్త రౌటరు 192.168.1 వరుసను వాడడం మొదలుపెట్టిన రోజున, పక్కనే ఉన్న కంప్యూటరుకు కనబడకుండా పోతుంది. మాస్క్ 255.255.255.0 అయినప్పుడు మొదటి మూడు సంఖ్యలూ కలిస్తేనే ఒకే నెట్‌వర్కు, కాబట్టి కంప్యూటరు ఆ ప్రింటరును పరాయి నెట్‌వర్కుగా లెక్కించి, దానికి పంపవలసినదాన్ని రౌటరు చేతిలో పెడుతుంది. మేలైన మార్గం, ప్రింటరును డీహెచ్‌సీపీలోనే ఉంచి, దాని మాక్ అడ్రస్‌కు ఫలానా సంఖ్యే ఇవ్వాలని రౌటరులో రిజర్వు చేయడం. అప్పుడు మార్పు ఏదైనా ఒక్కచోటనే చేస్తే సరిపోతుంది. ఫోన్లకు మాత్రం ఈ పద్ధతి అన్నివేళలా పనికిరాదు, ఎందుకంటే కొత్త ఫోన్లు గోప్యత కోసం వైఫైకి మాక్ అడ్రస్‌ను మార్చి చూపుతాయి.

169.254తో మొదలయ్యే సంఖ్య కనబడితే ఇంటర్నెట్ పోయిందని కేబుల్ ఆపరేటరుకు ఫోను చేయడం పరిపాటి. ఆ సంఖ్యను కంప్యూటరు తనకు తానే పెట్టుకుంటుంది, డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదన్నదే దాని అర్థం. వెతకవలసినది ముందు దుకాణం లోపలే, వైరు, పోర్టు, రౌటరు అన్న వరుసలో.

వెనుక గదికి వైఫై అందడం లేదని రెండో రౌటరు తెచ్చి తగిలిస్తే చాలునన్నది ఖర్చు పెట్టించి మరీ నిరాశపరిచే అపోహ. రెండూ 192.168.1.1 సంఖ్యతోనే వచ్చి ఉంటే, రెండో రౌటరుకు లోపలి వైపూ బయటి వైపూ ఒకే నెట్‌వర్కుగా కనబడి దారి తోచదు. దాని వ్యాన్ పోర్టులో (బయటి వైపు పోర్టులో) వైరు పెట్టేటట్లయితే లోపలి వరుసను 192.168.2గా మార్చాలి, కాని అప్పుడు వెనుక గదిలోని ఫోనుకు ముందు గదిలోని ప్రింటరు తనంతట కనబడదు. అన్నీ ఒకే నెట్‌వర్కులో ఉండాలంటే ల్యాన్ పోర్టులో (లోపలి వైపు పోర్టులో) వైరు పెట్టి, రెండో రౌటరులో డీహెచ్‌సీపీ ఆపివేసి, దానికి మొదటి రౌటరు పంచే వరుసకు బయట ఉన్న వేరే సంఖ్య ఇవ్వాలి. చిన్న దుకాణానికి ఈ రెండో పద్ధతే మంచిది.

వైర్లతో పరికరాలను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్కు స్విచ్చికి ఐపీ అడ్రస్ ఇవ్వకపోతే అది పనిచేయదన్న మాట నిజం కాదు. దుకాణాల్లో వాడే సాధారణ స్విచ్చి మాక్ అడ్రసులను చూసి సమాచారాన్ని పోర్టుకు చేరుస్తుంది. దానికి అడ్రస్ ఉండదు, అక్కర కూడా లేదు. కళాశాలల్లోనూ కార్యాలయాల్లోనూ ఉండే మేనేజ్డ్ స్విచ్చికి ఇచ్చే అడ్రస్ దానిలోకి ప్రవేశించి అమర్చుకోవడానికే, ఆ అడ్రస్ తప్పైనా దాని గుండా పోయే సమాచారం ఆగదు. నెట్‌వర్కుల మధ్య దారి చూపే పని కూడా చేసే లేయర్ 3 స్విచ్చి విషయం వేరు.

ఇంట్లో కూర్చుని దుకాణం కెమెరాలు చూడాలని రౌటరులో పోర్టు తెరిచినా (బయటి పిలుపును రికార్డరుకు చేర్చే అమరిక చేసినా) ఫలితం లేకపోతే, తప్పు అమరికలోనే ఉందనుకోనక్కర లేదు. 32 బిట్ల పాత పద్ధతిలో మొత్తం సంఖ్యలు దాదాపు 429 కోట్లే. ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోగా, ఏప్రిల్ నాటికి ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ చివరి వాటాకు చేరి, పంపిణీకి పరిమితి వచ్చింది. దానితో అనేక కనెక్షన్లను ఒకే బహిరంగ అడ్రస్ వెనుక ఉంచే ఏర్పాటు సేవాసంస్థలలో వ్యాపించింది, ఇందుకోసం 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసను 2012లో కేటాయించారు. రౌటరు బయటి వైపు ఈ వరుసలోని సంఖ్య కనబడితే, బయటి నుంచి వచ్చే పిలుపు దుకాణం దాకా రాకుండా సేవాసంస్థ దగ్గరే నిలిచిపోతుంది. ఐపీ అడ్రస్ మనిషి ఉన్న చోటును చూపుతుందన్న మాట కూడా ఇక్కడే వీగిపోతుంది: ఉప్పాడ వినియోగదారుకు వెబ్‌సైట్లు హైదరాబాదునో చెన్నైనో చూపించవచ్చు.

ఈ కొరత తీర్చే 128 బిట్ల ఐపీవీ6ను, వేగం తగ్గిస్తుందన్న నమ్మకంతో రౌటరులో ఆపివేసేవారు ఉన్నారు. అలా ఆపడం వల్ల వేగం పెరగదు, పైగా కెమెరాలను బయటి నుంచి చూడడానికి మిగిలిన దారి కూడా మూసుకుపోవచ్చు. ఈ పద్ధతిలో ఒకే పరికరానికి ఒకేసారి రెండు మూడు అడ్రసులుండడం మామూలు, వాటిలో కొన్ని రౌటరు గోడ దాటని స్థానిక అడ్రసులు, మరికొన్ని కొన్నాళ్లకు మారిపోయేవి. అడ్రసులు బహిరంగమైనందువల్ల కెమెరాలన్నీ లోకానికి తెరిచినట్లేనన్న భయం మాత్రం సగమే నిజం. బయటివారిని ఆపవలసిన పని రౌటరులోని ఫైర్‌వాల్‌ది, కనుక ఐపీవీ6కు కూడా అది పనిచేసే స్థితిలో ఉన్నదో లేదో రౌటరు అమరికల పేజీలో చూసుకోవాలి, రికార్డరుతో వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి.