చారడేసి కళ్లా? ఒకసారి కొలిపించండి

పసిబిడ్డ కళ్లు పెద్దవైతే చూసినవాళ్లంతా మురిసిపోతారు, దిష్టిచుక్క పెడతారు. కానీ ఆ బిడ్డ వెలుతురు ఓర్వలేక కళ్లు మూసేసుకుంటున్నా, ఏడవకుండానే నీళ్లు కారుతున్నా, నల్లగుడ్డు మసకగా కనిపిస్తున్నా వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి. అది పుట్టుకతో వచ్చే గ్లకోమా, అంటే నీటికాసుల జబ్బు కావచ్చు.

కంట్లో ఊరే ద్రవం బయటికి పోయే దారి సరిగ్గా ఏర్పడకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పెద్దల కన్ను గట్టిపడి ఉంటుంది కాబట్టి సాగదు. నష్టమంతా వెనకనున్న దృష్టి నరానికే. పసికన్ను మెత్తన. నరం దెబ్బతినడంతో పాటు ముందున్న పారదర్శక పొర, కార్నియా, బెలూన్‌లా సాగుతుంది. పుట్టినప్పుడు దాని అడ్డకొలత సుమారు 10 మిల్లీమీటర్లు. ఏడాదిలోపే 12 దాటిందంటే అనుమానించాల్సిందే. సాగి సాగి లోపలి పొర చిట్లుతుంది. ఆ చారలను హాబ్ గీతలంటారు. అక్కడ నీరు చేరి కార్నియా ఉబ్బుతుంది, తెల్లబడుతుంది.

ఈ జబ్బుకు చుక్కల మందు ఒక్కటే చాలదు, ఆపరేషన్ కావాలి. ఒత్తిడి తగ్గాక తెలుపు చాలావరకు పోవచ్చు గానీ హాబ్ గీతలు చెరగవు. వంపు మారిన కార్నియా వల్ల చూపులో తేడా మిగులుతుంది. ఆపరేషన్ అయిపోయిందని, ఆ తేడాను సరిచేసే కళ్లజోడు మానేస్తే ఆ కన్ను చూడటం నేర్చుకోదు. తల్లిదండ్రులు ఎక్కువగా ఏమరుపాటు పడేది ఇక్కడే.

పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000 జననాల్లో ఒకరికి వచ్చే ఈ జబ్బు ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మందిలో ఒకరికి వస్తుందని అంచనా. మేనరికాలు అందుకొక కారణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువే వస్తే బిడ్డకు జబ్బు సంక్రమిస్తుంది; దగ్గరి బంధువులైన దంపతుల విషయంలో అలా జరిగే అవకాశం ఎక్కువ.

పెద్దల్లో కార్నియా ఇంకో రకంగా ముఖ్యం. కంటి ఒత్తిడి కొలిచే గోల్డ్‌మన్ పరికరం కార్నియాను నొక్కి, అది చదునయ్యేందుకు ఎంత బలం కావాలో చూస్తుంది. పొర పల్చగా ఉంటే తేలిగ్గా చదునవుతుంది. అసలు ఒత్తిడి కన్నా తక్కువ అంకె వస్తుంది. కంటి ఒత్తిడి ఎక్కువున్నవారిపై జరిగిన అమెరికా అధ్యయనం 2002లో తేల్చిన సంగతి మరొకటి: కార్నియా మందం 555 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ ఉన్నవారికి, 588 దాటినవారితో పోలిస్తే గ్లకోమా ముప్పు సుమారు మూడింతలు. అందుకే ఒత్తిడితో పాటు మందమూ కొలిపించుకోవాలి.

కళ్లజోడు అవసరం తగ్గించే లేసిక్ ఆపరేషన్‌లో కార్నియాను చెక్కి పల్చన చేస్తారు కాబట్టి ఒత్తిడి అంకె తక్కువగా రావచ్చు. అది చేయించుకున్నవారు ఎన్నేళ్ల తర్వాత కంటి ఒత్తిడి పరీక్షకు వెళ్లినా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆపరేషన్‌కు ముందటి కొలతల కాగితాలుంటే వెంట తీసుకెళ్లాలి.