చుక్క రక్తం చెప్పే ఊపిరి గుట్టు!

ఆయాసం ఛాతీలో, ఆచూకీ రక్తంలో! ఏళ్ళ తరబడి పీల్చిన పొగ, దుమ్ము తెచ్చిపెట్టే మొండి ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ. 2021లో ప్రపంచమంతటా దాదాపు 35 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. దాని జాడలు రక్తంలో ఎలా దొరుకుతాయో చూస్తారా?

‘ఈస్నోఫీలియా ఉందండీ’ అన్న మాట మన ఇళ్ళలో వినే ఉంటారు. అందుకు కారణమైన ఈసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలను 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్ దేనితో పట్టుకున్నాడో మీకు తెలుసా? బట్టలకు అద్దే ఎర్రరంగుతో! అప్పటికి ఆయనకు పాతికేళ్ళు.

సీఓపీడీ రోగి ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ కలపాలా వద్దా? డాక్టర్లు ఇప్పుడు ఆ కణాల సలహా కూడా అడుగుతున్నారు! మైక్రోలీటరు రక్తంలో 300 లేదా అంతకు మించి ఉంటే మందు బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. 100 లోపైతే ప్రయోజనం అంతంతమాత్రం. మైక్రోలీటరంటే ఎంతో తెలుసా? లీటరులో పది లక్షల్లో ఒక వంతు!

కడుపులో పురుగులున్నా ఈ లెక్క పెరుగుతుంది. ఊపిరితిత్తులను ప్రశ్నిస్తే పేగులు జవాబు చెప్పినట్టు!

ఈ కణాలు ఎక్కువగా ఉన్న సీఓపీడీ రోగులకు డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌ను అమెరికా 2024లో అనుమతించింది. ఈ జబ్బుకు అక్కడ అనుమతి పొందిన తొలి బయొలాజిక్ (జీవకణాల సాయంతో తయారుచేసే) మందు అదే.

ఊపిరితిత్తుల కాపలాదారు ఎక్కడ పుడతాడో మీకు తెలుసా? కాలేయంలో! ఆ ప్రొటీన్ పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. 1963లో స్వీడన్‌లో శాస్త్రవేత్తలు లారెల్, ఎరిక్సన్ సుమారు 1500 రక్త నమూనాలు పరీక్షిస్తే, అయిదింటిలో ఈ ప్రొటీన్‌ను చూపే గీత కనిపించలేదు. ఆ అయిదుగురిలో ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బు! ఈ ప్రొటీన్‌లో 394 అమైనో ఆమ్లాలు. 342వది ఒక్కటి మారితే చాలు, అది కాలేయంలోనే ఇరుక్కుపోతుంది, రక్తంలోకి సరిగా రాదు. ఉన్న కాస్త కాపలానూ సిగరెట్ పొగ పనికిరాకుండా చేస్తుంది. ఎంత దుర్మార్గం! సీఓపీడీ ఉన్నవాళ్ళంతా జీవితంలో ఒక్కసారైనా ఈ ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ కూడా ఊపిరి కబుర్లు మోస్తుంది, మీకు తెలుసా? అది ఎక్కువగా ఉన్న సీఓపీడీ రోగులకు ముప్పూ ఎక్కువే. అందుకే 2015లో అమెరికా ఎఫ్‌డీఏ, మందుల ప్రయోగాలకు రోగులను ఎంచుకోవడంలో దీన్ని వాడుకోవచ్చంది.

వేలి కొన నుంచి ఒక్క చుక్క తీస్తే ఎన్ని యాంటీబయాటిక్స్ మిగిలాయో తెలుసా? బ్రిటన్‌లో ఆయాసం ఉన్నట్టుండి ముదిరిన 653 మంది సీఓపీడీ రోగులపై అధ్యయనం చేశారు. సీఆర్‌పీ (ఒంట్లో వాపును పట్టిచ్చే ప్రొటీన్) పరీక్షను ఆ చుక్కతో చేయని వారిలో 77 శాతం మంది యాంటీబయాటిక్స్ వాడారు. చేసిన వారిలో 57 శాతమే! రోగులకు నష్టమూ కనిపించలేదు. ఈ వివరాలు 2019లో వెలువడ్డాయి. ఈ విశేషాలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇన్ని చెప్పే రక్తం సీఓపీడీ ఉందో లేదో మాత్రం తేల్చలేదు! ఆ తీర్పు ఊపిరిని కొలిచే స్పైరోమీటర్‌దే. గాలి దారులు తెరిచే మందు పీల్చాక అందులో గట్టిగా ఊదాలి. ఊదిన మొత్తం గాలిలో 70 శాతం మొదటి సెకనులోనే బయటికి రాకపోతే గాలి దారి ఇరుకైనట్టే. కట్టెల పొయ్యి ముందు ఏళ్ళు గడిపిన అమ్మమ్మ నాలుగు మెట్లెక్కి రొప్పుతోందా? ‘వయసు మీద పడింది’ అని వదిలేయకండి, ఒక్కసారి ఊదించండి.